బోణీ బేరం, ఖాళీ డ్రమ్ము

సంగారెడ్డిలో మా ఇంటికి ఇప్పటికీ పిల్లలు వస్తుంటారు. వ్యాపారం పెట్టుకునేవాళ్లకు ఆ సారు ఒకప్పుడు చదువు చెప్పాడట, పోయి అడుగు అని ఎవరో చెప్పి పంపిస్తారు. వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, అందరూ ఒకటే ప్రశ్న వేస్తారు. "సొంతంగ కంపెనీ పెడ్దామనుకుంటున్న సార్. ఎంబీఏల ఏ స్పెషలైజేషన్ తీస్కుంటే మంచిది?"

నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. "మీ నాయన ఏం పని చేస్తడు?"

సగం మందికి మొహం మాడిపోతుంది. కులం ఆరా తీస్తున్నాననుకుంటారు కొందరు, ఆస్తి ఆరా తీస్తున్నాననుకుంటారు ఇంకొందరు. రెండూ కాదు నాయనా. మీ ఇంట్లో ఏ విద్య ఉందో తెలిస్తే ఏది లేదో తెలుస్తుంది. ఆ లేనిదేదో అది తీసుకో. ఇంతకు మించి నా దగ్గర సలహా లేదు. చాలామందికి ఇది నచ్చదు. ముసలాయనకు చాదస్తం అనుకుంటూ లేచిపోతారు. పోనీ, పోనీ. కానీ ఈ ఒక్క ముక్క ఎవరూ చెవిన పెట్టకపోవడం వల్ల నా కళ్ల ముందు ఒక మనిషి పోయాడు. ఆ సంగతి రాయాలని ఎన్నిసార్లు కూర్చున్నా చెయ్యి రాలేదు. ఈసారి రాస్తున్నాను.

*ఖాళీ అంటే ఏంది?*

నేను పుట్టు పంతుల్ని కాను. అరవైల్లో బి.కాం. పాసై బాలానగర్ వైపు ఒక వర్క్‌షాపులో స్టోర్సు గుమాస్తాగా చేరాను. మా మేనేజరు హైదరాబాదు పాతబస్తీ మనిషి. అందరం సాబ్ అనేవాళ్లం. మంచి నోరు కాదు. పొద్దున వచ్చీ రాగానే ఎవరో ఒకరిని తిట్టకపోతే ఆయనకు చాయ్ దిగేది కాదు.

చేరిన కొత్తలో ఒకరోజు స్టోర్సుకొచ్చి, మూలనున్న డ్రమ్ములు చూపించి అడిగాడు. "అవేంది?"

"ఖాళీ డ్రమ్ములు సాబ్."

"ఖాళీ? ఖాళీ క్యా హోతా రే? అండ్ల ఏముండె, అది చెప్పు."

ఏముండేదో నాకేం తెలుసు! ఆయన సుద్దముక్క నా చేతిలో పెట్టి, వాసన చూసి, కూలీలను అడిగి, ప్రతి డ్రమ్ము మీదా అందులో ఇదివరకు ఏముండేదో రాయించాడు. థిన్నర్, కిరోసిన్, ఆసిడ్. నా స్టోర్సుల ఖాళీ అన్న మాట మళ్ల వినబడితే నిన్ను ఖాళీ చేస్త అన్నాడు.

అంతటితో ఊరుకోలేదు. మధ్యాహ్నం అందరినీ వెనక గోడ చాటుకు పిలిచాడు. థిన్నర్ పోయిన చిన్న డబ్బా ఒకటి గోడ అవతల మట్టిలో సగందాకా పాతించి, మూత వదులుగా పెట్టించి, పొడుగాటి ఇనుప కడ్డీకి గుడ్డ చుట్టి అంటించి, గోడ ఇవతలి నుంచే డబ్బా పక్కకు కొట్టిన చిల్లికి అందించాడు. ధడేలుమంది. మూత ఎగిరిపోయి రేకుల కప్పు మీద పడింది. మా స్టోర్సు కూలీ ఒకడు భయంతో కింద కూలబడ్డాడు.

"మాల్ పోతది. దాని ఊపిరి పోదు," అన్నాడు సాబ్. "నిండు డ్రమ్ము మండుతది. గీ ఖాళీదే పేలుతది. జెర యాదుంచుకో."

నేను మూడేళ్లు బి.కాం. చదివాను. అందులో ఈ ముక్క ఎక్కడా లేదు. ఆ రోజు నుంచీ నాకు కార్ఖానా చదువంటే పిచ్చి పట్టింది. సాయంత్రాలు క్లాసులకు పోయి, ఉత్పత్తి నిర్వహణ ప్రత్యేకాంశంగా డిప్లొమా చేశాను. ఆ తర్వాతే పంతులునయ్యాను.

*మా సెంటరు, మా డైరెక్టరు*

డెబ్భైల్లో బొంబాయి రోడ్డుకు అటూ ఇటూ చెల్కలకు, అంటే మెట్ట చేలకు, కంచె తీగెలు పడటం మొదలైంది. పటాన్‌చెరు దాటితే చాలు, నిన్న జొన్న ఉన్నచోట ఇవాళ కంకర కుప్పలుండేవి. చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలకు చిన్న పరిశ్రమలు పెట్టించాలని సంగారెడ్డిలో కలెక్టరాఫీసు వెనక ఒక కిరాయి ఇంట్లో మా శిక్షణ సెంటరు తెరిచారు. అందులో నేనొక లెక్చరర్ని. సగం కోర్సు అందరికీ ఒకటే. మిగతా సగంలో ఒక ప్రత్యేక పేపరు ఎంచుకోవాలి. మార్కెటింగు, అకౌంట్లు, పర్సనల్ అంటే మనుషుల నిర్వహణ, ప్రొడక్షను. పాసైనవాళ్లకు పటాన్‌చెరు వైపు షెడ్లు ఇవ్వడంలో ముందు వరస.

ఏ పేపరు ఎవరు తీసుకుంటారో నేను వాకిట్లో నిలబడి మొహం చూసి చెప్పేవాణ్ని. దుకాణందారు కొడుకు వస్తే మార్కెటింగు. పటేళ్ల పిల్లలు, దొరల పిల్లలు వస్తే పర్సనల్. మనుషుల చేత పని చేయించడం తమకు ఉగ్గుపాలతో వచ్చిందని వాళ్ల నమ్మకం. బడిపంతులు కొడుకైతే అకౌంట్లు. ప్రొడక్షను దగ్గరకు వచ్చేసరికి అందరూ మొహం తిప్పుకునేవాళ్లు. అది నూనె మరకల చదువట! సొంత కార్ఖానా పెడతామని వచ్చినవాళ్లకు కార్ఖానా చదువు నామోషీ!

ఒక దొర కొడుకు పర్సనల్‌లో ఫస్టు వచ్చాడు. వాడు షెడ్డు పెట్టిన మొదటి వారమే యూపీ నుంచి వచ్చిన లేతు మిషను నడిపే మనిషిని పట్టుకుని "ఏందిరా, చెప్తే ఇనబడ్తలేదా" అని గద్దించాడు. ఆ మనిషి చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. వాడితో మిగతావాళ్లూ పోయారు. ఆ దొరబాబు నా దగ్గరకొచ్చి, "పుస్తకంల రాసింది వేరే ఉంది సార్" అన్నాడు. పుస్తకంలో సరిగ్గానే ఉంది. వీడు చదివింది వాళ్ల గడీలో చదివిన పాఠం. ఇంట్లో తెలిసిందే బళ్లో తీసుకుంటే మార్కులొస్తాయి, అంతే. కొత్త బుద్ధి రాదు.

మా డైరెక్టరు రెవెన్యూలో చేసి రిటైరై వచ్చినాయన. చెడ్డవాడు కాదు. నన్నడిగితే చెడ్డవాళ్ల వల్ల జరిగే నష్టం తక్కువే, ఇలాంటి చెడ్డవాళ్లు కానివాళ్ల వల్లనే ఎక్కువ. ఆయనకు కావలసింది పాసైనవాళ్ల సంఖ్య. ప్రొడక్షను కష్టం, అందులో తప్పితే సెంటరుకు చెడ్డపేరు. అందుకని పిల్లలెవరైనా అటు చూస్తే, "ఎందుకయ్యా తిప్పలు, మార్కెటింగ్ తీస్కో" అని బుజ్జగించేవాడు. మంచితనంతోనే సుమా!

*పటేలు, సేటు*

ఒక బ్యాచిలో మాణిక్ రెడ్డి, వీరేశం అని ఇద్దరొచ్చారు. మాణిక్‌ది ముత్తంగి దగ్గర పల్లె. వాళ్ల భూమి ఒక పెద్ద కార్ఖానా కిందకు పోయింది. ఇంటికొక కొలువు ఇస్తామంటే పోయి చూశాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కొలువు. క్లాసులో ఒకరోజు లేచి చెప్పాడు.

"మా చెల్కల మా తాత మోట కొట్టిండు సార్. గదే జాగల నేను గేటు కాడ నిలవడి వచ్చేటోనికి పోయేటోనికి సలాం కొట్టాల్నా? నాతోని గాదు. చిన్నదైనా సరే, సొంతం కార్ఖానా పెడ్త. గది గాకపోతే ఇగ నేను ఆ ఊర్ల తలకాయ ఎత్తి తిరుగ."

క్లాసు నవ్వలేదు. అందరికీ తెలుసు, వాడికి వెనక్కి పోవడానికి భూమి లేదు. ఈ కోర్సు వాడికి సరదా కాదు.

వీరేశం సదాశివపేట గంజిలో, అంటే ధాన్యం బజారులో, పుట్టినవాడు. గింజల బండి దుకాణం ముందు ఆగగానే, రైతు దిగే తీరు చూసి వీడు ఎంతకు తెగుతాడో చెప్పగల మొనగాడు. గలగలా మాట్లాడేవాడు, మనసు మంచిది. ఇద్దరికీ ఎట్లా కలిసిందో, వారం తిరక్కుండా ఒకే బెంచి, ఒకే చాయ్. వీరేశం మాణిక్‌ను "పటేలా" అనేవాడు, మాణిక్ వీరేశాన్ని "సేటూ" అనేవాడు. ఇద్దరూ కలిసి షెడ్డు పెట్టాలని అప్పుడే మాట అనుకున్నారు.

పేపర్లు ఎంచుకునే రోజు వచ్చింది. మాణిక్ ఒక్కడే ప్రొడక్షనుకు పేరిచ్చాడు. సెక్షను నడవాలంటే కనీసం అరడజను మంది ఉండాలని మా డైరెక్టరు రూలు. నేను వీరేశాన్ని పట్టుకున్నాను. వాడు వస్తే వాడి వెనక నలుగురు వస్తారు, అంత పలుకుబడి ఉంది వాడికి.

"అమ్మడం నీకు రక్తంలోనే ఉందిరా. దానికి మళ్లీ పేపరెందుకు? ప్రొడక్షను తీసుకో," అన్నాను.

"రక్తంల ఉంది గావట్టే తీస్కుంటున్న సార్. ఫస్ట్ క్లాస్ గ్యారంటీ. ప్రొడక్షన్ల గా మిషిన్ల పేర్లే నా నోరు తిరుగయి."

"నోరు తిరగదు కాబట్టే తీసుకోమంటున్నాను!"

నవ్వాడు. "పటేలు తీస్కుంటున్నడు గద సార్. ఇద్దర్ల ఒకనికొస్తే సాలదా?"

"నువ్వు రాకపోతే వాడికీ ఉండదురా, సెక్షనే ఎత్తేస్తారు," అన్నాను. "అట్లెట్ల ఎత్తేస్తరు సార్, మీరున్నరు గద" అని నన్నే ఉబ్బేశాడు. గంజి పిల్లాడు కదా!

నేను ఊరుకోకుండా సదాశివపేటకు పోయి వాళ్ల నాయన నాగయ్య సేటును కలిశాను. పొద్దున్నే దుకాణం అప్పుడే తెరిచి, నీళ్లు చల్లి, దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగిస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపు ఒక ముసలమ్మ వచ్చి బెల్లం బేరమాడింది. ఆమె అడిగిన ధర విని నాకే నవ్వొచ్చింది. నాగయ్య సేటు ఒక్క మాట అనకుండా బెల్లం కొట్టి ఇచ్చేశాడు.

"నష్టం కదా సేటూ?" అన్నాను ఆమె వెళ్లాక.

"బోణీ సారూ. బోణీ బేరం వాపస్ పంపుతరా ఎవలన్న? దినమంత ఖరాబైతది. మా తాత పంపలె, మా నాయన పంపలె." పక్కన నిలబడ్డ వీరేశం ఇంత తెలియదా సారుకు అన్నట్టు నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తు.

అసలు సంగతి చెప్పాను. సేటు విన్నాడు, చాయ్ తెప్పించాడు. చివరికి అన్నాడు: "మా పోరడు షెడ్డుల బట్టలు ఖరాబ్ చేస్కుంటడా సారూ? గా పనికి మనిషిని పెట్టుకుంటడు. వీడు మాట్లాడి ఆర్డర్ తెస్తె సాలు."

చాయ్ తాగి బస్సెక్కాను. ఇంకేం చేస్తాను?

డైరెక్టరు సెక్షను ఎత్తేశాడు. గదిలోకి పోయి బల్ల గుద్ది అరిచాను. "కార్ఖానా పెట్టేవాడికి కార్ఖానా పాఠం లేకుండా సర్టిఫికెట్ ఎట్లా ఇస్తరు సార్?"

"ఒక్కని కోసం సెక్షన్ ఎట్ల నడుస్తదయ్యా? నువ్వు ఉత్తగనే పరేషాన్ అవుతున్నవ్. పిల్లగాడు మార్కెటింగుల మంచిగ పాసైతడు," అన్నాడు. నా వీపు తట్టి మరీ పంపించాడు.

మాణిక్‌కు నేనే చెప్పాల్సి వచ్చింది. విని అన్నాడు: "ఏం చేస్తం సార్. సేటు పక్కనే గూసుంట తీయ్." నాకు ప్రాణం ఉసూరుమంది. ఆదివారాలు ఇంటికి రా, నేనే చెబుతానన్నాను. మొదట్లో వచ్చాడు. షెడ్డులో యంత్రాలు ఏ వరసలో పెట్టాలి, సరుకు ఎటునుంచి ఎటు కదలాలి, అవి చెప్పాను. తర్వాత రావడం మానేశాడు. బొంబాయి రోడ్డు మీద ఒక మెకానిక్ దగ్గర గ్యాసుతో ఇనుము కొయ్యడం నేర్చుకుంటున్నానని, ఆదివారమే వాడికి తీరికని చెప్పాడు. నాకు సంతోషమే అయింది, చేతి పని వస్తే మంచిదే కదా. ఎట్లా కొయ్యాలో ఆ మెకానిక్ బాగానే నేర్పాడు. ఏది కొయ్యకూడదో నేర్పలేదు. నా పాఠాల్లో అది ఇంకా ముందుంది. అక్కడిదాకా మేం రాలేదు.

*బోణీ*

ఇద్దరూ ఫస్టు క్లాసులో పాసయ్యారు. పటాన్‌చెరు అవతల షెడ్డు వచ్చింది. రేకులతో ట్రేలు, బీరువాలు చేసి కార్ఖానాలకు అమ్మాలని వాళ్ల ఆలోచన. కొబ్బరికాయ కొట్టిన రోజు నన్ను పిలిచారు. మాణిక్ భార్య సుశీలమ్మ గడపకు పసుపు రాసింది. మాణిక్ కొత్త ధోవతి కట్టుకుని, గ్యాసు సిలిండర్లకు కూడా బొట్టు పెట్టాడు. ఊరివాళ్లు కొందరొచ్చి షెడ్డు చుట్టూ తిరిగి చూసి, "మాణిక్‌రెడ్డి కార్ఖానా" అన్నారు. ఆ మాట విన్నప్పుడు వాడి మొహం చూడాలి! పల్లెలో పోయిన తలకాయ ఆ క్షణాన వాడికి మళ్లీ మెడ మీద నిలబడింది. లడ్డు తిని, షెడ్డు వెనక బావిలో నీళ్లు చేదుకుని చేతులు కడుక్కుని బస్సెక్కాను.

ఆ తర్వాతి సంగతి వీరేశం చెప్పగా విన్నదే.

మర్నాడు పొద్దున తలుపులు తీసి ఇద్దరూ కూర్చున్నారు. పాత సామాను కొని అమ్మే కబాడీ మనిషి ఒకడు లారీలో డ్రమ్ములు వేసుకొచ్చి ఆపాడు. మందుల కార్ఖానాలో వాడి పారేసినవి. వాటిని నిలువునా రెండు చెక్కలుగా కోసిస్తే పశువుల తొట్లుగా అమ్ముకుంటాడట.

మాణిక్ చూసి, "ఇది మన లైన్ గాదు సేటూ. మనం ట్రేలు చేసేటోళ్లం," అన్నాడు.

"బోణీ పటేలా!" అన్నాడు వీరేశం. "షెడ్డు దెర్సినంక వచ్చిన మొదటి మనిషి. వాపస్ తోలుతమా?"

"ఏందో నాకు మంచిగనిపిస్తలేదు."

"కోసుడు నీకు రాదా ఏంది? గంటల పని. బోణీ గానియ్యి, రేపటికెల్లి మన ట్రేలు మనకే."

మాణిక్ మళ్లీ కాదనలేదు. తనకూ అది శకునమే అనిపించి ఉంటుంది. తొందరపడి మొదలుపెట్టాడా అంటే అదీ కాదు. వాడు జాగ్రత్త మనిషి. డ్రమ్ము మీద వేలితో తట్టి చూశాడు. బిరడా తీసి, ఇద్దరూ పట్టి తలకిందులు చేశారు. చుక్క పడలేదు. అప్పుడు బిరడా మళ్లీ బిగించి, నేల మీద పడుకోబెట్టి, గ్యాసు మంట దానికి తగిలించాడు. వీరేశం కబాడీ మనిషితో మాట్లాడుతూ గుమ్మంలో ఉన్నాడు. అందుకే మిగిలాడు.

*దవాఖాన*

నాకు కబురు తెలిసి పట్నం దవాఖానకు పోయేసరికి సాయంత్రమైంది. మొహం, ఛాతీ గుడ్డలతో కప్పి ఉన్నాయి. మాట మాత్రం వస్తోంది. నా గొంతు విని అటు తల తిప్పబోయాడు.

"ఖాళీదే సార్," అన్నాడు. "తట్టి సూసిన. బోర్ల బెట్టిన. ఒక్క సుక్క పడలె. ఖాళీదే గద సార్?"

అది నన్ను అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషిని ఆ గదిలో నేనొక్కణ్నే. ఏమని చెప్పను? చచ్చిపోతున్నవాడికి పాఠం చెప్పనా? "అవును మాణిక్, ఖాళీదే. నీ తప్పేం లేదు," అన్నాను. వాడికి కొంచెం నెమ్మదించినట్టయింది. తెల్లవారకముందే పోయాడు.

సుశీలమ్మ వరండాలో గోడకానుకుని కూర్చుంది. కళ్లల్లో నీళ్లు కూడా లేవు. "గంత సదువు సదివిండు గద సారూ. ఫస్ట్ క్లాస్ అన్నరు గద. మరి గిట్లెట్లయింది?" అంది. నా జీవితంలో నన్నెవరూ ఇంత సూటిగా అడగలేదు. తర్వాత ఆమె, భర్త కొలువు వద్దన్న ఆ పెద్ద కార్ఖానా గేటు లోపలే, ఊడ్చే పనిలో చేరింది.

సెంటరుకు పోయి డైరెక్టరుకు చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు: "పాపం మంచి పిల్లగాడు. కని మన దిక్కుకెల్లి ఏం లోటు జరగలేదు గదా. ఫస్ట్ క్లాస్‌ల పాసైండు." నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం తిట్టానో ఇక్కడ రాయను. ఉద్యోగం పోతుందనుకున్నా, పోలేదు. పైగా తర్వాతి బ్యాచిలో ఆయన ఎవరూ అడక్కుండానే ప్రొడక్షను అందరికీ తప్పనిసరి చేశాడు. అప్పుడు చేయగలిగినవాడు అంతకుముందు ఎందుకు చేయలేకపోయాడో ఆయన్ని నేనడగలేదు. అడిగితే ఏడుస్తాడని తెలుసు. ఆయన ఏడుపు చూసే ఓపిక నాకు లేదు.

*ఇంట్లో లేనిది*

ఇదంతా చదివి, అయితే అందరం ప్రొడక్షనే తీసుకోవాలా అని అడక్కండి. నేనట్లా చెప్పలేదు. వెల్డింగు మేస్త్రి కొడుకు వస్తే అకౌంట్లు తీసుకోమంటాను, వాడికి నిప్పు సంగతి నేను చెప్పక్కర్లేదు. మీకు సులువుగా వచ్చే పేపరు మీకు ఇదివరకే వచ్చిన పేపరు. దానికి మళ్లీ రెండేళ్లు పోసి మార్కులు తెచ్చుకుని మురిసిపోవడం ఎందుకు?

ఇంకొకటి. ఇంటి విద్యతో పాటు ఇంటి అలవాటు కూడా వస్తుంది. మాటలు కూడా వస్తాయి. బెల్లం దుకాణంలో బోణీ మంచి అలవాటే. ఆ ముసలమ్మకు తక్కువకు అమ్మితే పోయేది కాస్త బెల్లం. గంజిలో ఖాళీ సంచి అంటే ఖాళీ సంచే. ఆ రెంటినీ మడిచి షెడ్డులోకి తెచ్చుకుంటే అక్కడ వాటి అర్థం మారిపోయిందని చెప్పేవాడు ఒకడుండాలి. మన ఇంటి అలవాట్లలోనే పెరిగినవాడు అది చెప్పలేడు, వాడికీ తెలియదు. జంటగా వ్యాపారం పెట్టే స్నేహితులకు మరీ మరీ చెబుతాను: ఇద్దరూ ఒకే బెంచి మీద కూర్చోండి, ఒకే చాయ్ తాగండి, ఒకే పేపరు మాత్రం తీసుకోకండి.

కొత్త బ్యాచికి ప్రొడక్షను చెబుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం వీరేశం వచ్చాడు. షెడ్డు మూసేశాడని విన్నాను కానీ మనిషిని చూడలేదు అప్పటిదాకా. గడ్డం పెరిగింది. గలగలలాడే ఆ నోరు ఏమైపోయిందో. క్లాసు అయిపోయి పిల్లలంతా వెళ్లేదాకా వాకిట్లోనే నిలబడ్డాడు.

"సార్, గా పాఠం నాకు చెప్పుండ్రి."

"ఇప్పుడెందుకు వీరేశం?"

"చెప్పుండ్రి సార్. ఆనాడు సెక్షన్ నడిచుంటే మాకు ఏం చెప్తుంటిరో, గదే చెప్పుండ్రి."

వద్దన్నా వినలేదు. మాణిక్‌తో కలిసి కూర్చున్న ఆ బెంచి మీదనే పోయి ఒక కొసకు కూర్చున్నాడు. పక్కన జాగా వదిలాడు. నేను బోర్డు దగ్గర నిలబడి చెప్పాను. డ్రమ్ములోంచి సరుకు పోయినా దాని ఆవిరి లోపలే ఉంటుంది. తడితే తెలియదు, బోర్లిస్తే పడదు. నిప్పు తగిలితే పేలుతుంది. అందులో ఏముండేదో తెలియనిదాన్ని ముట్టనే వద్దు. తెలిసినదాన్ని వేడినీళ్లతో బాగా కడిగి, మెడ దాకా నీళ్లు నింపి, బిరడా తెరిచిపెట్టి కొయ్యాలి. అదీ కుదరకపోతే నిప్పు లేకుండా ఉలితో కొట్టి కొయ్యాలి. సాబ్ నాకు చెప్పిందే, పొల్లు పోకుండా చెప్పాను. చెప్పి సుద్దముక్క కింద పెట్టాను.

వీరేశం ఇంకా ఏదో ఉందన్నట్టు నా వైపే చూస్తున్నాడు. నేను బోర్డు తుడిచాను. పాఠం అయిపోయిందని అప్పుడు వాడికి అర్థమైంది.

"నీళ్లు నింపాల్నా?" అన్నాడు. "షెడ్డెన్కనే బాయి ఉండె సార్."

"తెలుసు."

"గంతేనా సార్?"

"గంతే," అన్నాను.